పదో గుడ్డు

మా అమ్మకి నాలుగు నాటుకోళ్లుండేవి. అవి పెట్టిన గుడ్లని ఊక పోసిన కుండలో దాచేది. తొమ్మిది గుడ్ల దాకా పేచీ లేదు. అమ్మితే అమ్మినట్టు, జ్వరం వచ్చి లేచిన పిల్లాడికి ఉడకబెడితే పెట్టినట్టు. పదోది రాగానే పొయ్యిలోంచి చల్లారిన బొగ్గుముక్క తీసి దాని మీద నిలువుగా ఒక గీత, అడ్డంగా ఒక గీత గీసేది. అక్కడితో ఆ గుడ్డు మా ఇంటిది కాకుండా పోయేది. ఉండటం అదే కుండలో, అదే ఊకలో ఉండేది గానీ దాన్ని ముట్టుకోవాలంటే మాకు చేతులొచ్చేవి కావు.

పొదిగించిన పిల్లల్లోనూ పదికొకటి లెక్కే. ఒకసారి పదమూడు పిల్లలు లేస్తే వారం తిరక్కుండా గద్ద నాలుగింటిని తన్నుకుపోయింది. మిగిలినవి తొమ్మిది. "గద్ద ఎత్తుకెళ్లినవాటిలో దేవుడిది కూడా ఉందిలే అమ్మా, ఇక మనం ఇవ్వక్కర్లేదు" అన్నాడు మా అన్న. అమ్మ బియ్యం చెరుగుతోంది. చేట ఆపి వాడివంక చూసింది. "పోయినవి ఆయనవి, మిగిలినవి మనవీనా? ఎంత బాగా నేర్చావురా లెక్కలు!" అంది. అవి పెరిగాక వాటిలో మంచి పుంజునే గుడికి పంపింది. నేను ఇప్పుడు ఒక కంపెనీలో జమాఖర్చులు చూసుకుని బతుకుతున్నాను. నష్టాన్ని ఎవరి పద్దులో రాయాలో మా అమ్మకి తెలిసినంత తేటగా మా ఆడిటర్లకి కూడా తెలియదు.

మాది రేపల్లె దగ్గర పల్లె. అప్పుడు గుంటూరు జిల్లా, ఇప్పుడు బాపట్ల జిల్లా. నేను చెబుతున్నది 1984 నాటి సంగతి, నాకు పదేళ్లు. పల్లె మధ్యలో లూథరన్ క్రైస్తవుల గుడి. ఊళ్లోవాళ్లకి గుడి అంటే రామాలయం, మాకు గుడి అంటే ఇది. ఎవరి గుడి వాళ్లకి గుడే కాబట్టి మాటకెప్పుడూ తికమక రాలేదు. 1842లో హేయర్ అనే పాదిరి గుంటూరు వచ్చి మొదలుపెట్టిన మిషను అది. 1927 నాటికి ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ సంఘమైంది. మా తాతల కాలంలో అమెరికా డబ్బుతో బడి నడిచేది, గుడిలో వాక్యం నేర్పే ఉపదేశికి జీతం వచ్చేది. మా కాలానికి ఆ ఊట పల్చబడింది. 'స్వయం పోషణ' అనే మాట మా చిన్నప్పుడు ప్రతి మీటింగులోనూ వినపడేది. అంటే ఏమిటని మా అన్ననడిగితే "అయ్యగారికి మనమే అన్నం పెట్టాలంట" అన్నాడు, పాస్టరుని మేము అయ్యగారనే అనేవాళ్లం. స్వయం పోషణకి అంతకన్నా మంచి అర్థం నాకు ఆ తర్వాత కూడా దొరకలేదు.

నిజం చెప్పాలంటే దశమ భాగం, అంటే వచ్చినదాంట్లో పదో వంతు దేవుడికివ్వడం, మా లూథరన్ల ఆచారం కాదు. మాకు ఆదివారం కానుక సంచి ఉండేది. పొడుగు కర్రకి కట్టిన ముఖమల్ సంచి, పావలా పడితే చప్పుడు రాదు, అందుకే అయిదు పైసలు వేసినవాళ్లూ పావలా వేసిన మొహమే పెట్టుకునేవాళ్లు. ఏడాదికి ఒకసారి చందా. పంటల కాలంలో కోత పండుగ. అన్నిటికన్నా ముఖ్యంగా ఆడవాళ్ల పిడికెడు బియ్యం. పూటకి ఎసట్లో పోసే బియ్యంలోంచి గుప్పెడు వెనక్కి తీసి ఒక డబ్బాలో వేయాలి. శనివారం సాయంత్రం స్త్రీల సమాజం వాళ్లు గోతం పట్టుకుని ఇంటింటికీ వచ్చి పోయించుకునేవారు. ఇది మా పల్లె తెలివి మాత్రమే అనుకునేవాణ్ణి. మిజోరంలో ఆడవాళ్లు 1910 నుంచి ఇదే పని చేస్తున్నారనీ, అక్కడి సంఘాలు ఆ గుప్పెళ్ల మీదే పెద్దపెద్ద పనులు నడిపాయనీ పెద్దయ్యాక తెలిసింది. మనవైపు డోర్నకల్‌లో అజరయ్యగారు, 1912లో భారతీయుల్లో మొట్టమొదటి ఆంగ్లికన్ బిషప్ అయినాయన, రెక్కాడితేగానీ డొక్కాడని కూలీల సంఘాలు కూడా తమ గుడిని తామే మోయాలని పట్టుబట్టేవారు. ఇవ్వడానికేమీ లేనివాణ్ణి నువ్వూ ఇవ్వగలవు అనడంలో ఒక గౌరవం ఉంది. అదే మాటని వేరే గొంతుతో అంటే దోపిడీ కూడా అవుతుంది. రెండూ చూశాను, చెబుతాను.

అమ్మకి దశమ భాగం అంటుకున్నది రేపల్లెలో పెంతెకొస్తు అనే వేరే క్రైస్తవ శాఖవాళ్లు జరిపిన ప్రార్థన కూటాల్లో. మూడు రాత్రులు పక్కింటి ఆడవాళ్లతో నడిచి వెళ్లి వచ్చింది. మూడో రాత్రి వచ్చి మా నాన్నని లేపి, "ఇక నుంచి మనింట్లో పదో వంతు దేవుడిది" అంది. నాన్న రైసు మిల్లులో బస్తాలు మోసేవాడు, నిద్రమొహంతోనే "నేను తాగే బీడీల్లో కూడానా?" అన్నాడు. అమ్మ నవ్వలేదు. మర్నాటి నుంచి మూడు డబ్బాలు వెలిశాయి. డాల్డా డబ్బాలో పిడికెడు బియ్యం, అది పాతదే. మూత లేని హార్లిక్సు సీసాలో చిల్లర. గుడ్ల కుండ సంగతి చెప్పాను. ఊడ్పులకి రోజుకి ఏడు రూపాయలు కూలి వచ్చేది, అందులో డెబ్బై పైసలు సీసాలోకి. కుప్పనూర్పుళ్లప్పుడు కూలి వడ్లలో ఇస్తే పది మానికలకి ఒక మానిక. ఆఖరికి కోత అయిపోయిన చేలల్లో మేమంతా ఏరుకొచ్చిన పరిగె వడ్లు కూడా కొలిచేది. బైబిల్లో రూతు పరిగె ఏరిన కథ మాకు ఆదివారపు బడిలో చెప్పారు గానీ, రూతు అందులోంచి పదో వంతు తీసిందని ఎవరూ చెప్పలేదు. ఈ మాట నేనంటే అమ్మ, "నువ్వు చూసొచ్చావా?" అంది.

అయ్యగారే ఒకసారి నవ్వారు. గోంగూర కట్టలు లెక్కపెట్టి తెచ్చిందని, "అమ్మా, పుదీనాలోనూ సోపులోనూ జీలకర్రలోనూ పదియవ వంతు చెల్లించేవాళ్లని ప్రభువు ఏమన్నాడో తెలుసా?" అన్నారు. అది పరిసయ్యుల్ని, పైకి భక్తి చూపించే మతపెద్దల్ని, తిట్టిన వచనం. అమ్మకి ఆ సంగతి తెలుసో లేదో గానీ, "మా దొడ్లో జీలకర్ర లేదండి" అని గోంగూర గట్టు మీద పెట్టి వచ్చేసింది.

డబ్బు కాకుండా వచ్చినవన్నీ ఆరాధన అయ్యాక గుడి అరుగు మీద వేలం వేసేవారు. మా సంఘ పెద్ద గొంతు వేలానికే పుట్టింది. "సొరకాయ! లేత సొరకాయ! అర్ధ రూపాయి పాట... ముప్పావలా... ముప్పావలా ఒకటోసారి..." పిల్లలకి ప్రసంగం కన్నా ఇదే ఇష్టం. ఒక్కోసారి ఇచ్చినవాళ్లే తమ సొరకాయని తామే పాడుకుని తీసుకెళ్లేవాళ్లు, ఇంట్లో కూరకి అదొక్కటే గనక. బజార్లో రూపాయికి దొరికేదానికి రెండు రూపాయలు పాడిన రోజులూ ఉన్నాయి. పాట మీద పాట ఎక్కుతుంటే అందరికీ ఒక హుషారు వచ్చేది. ఉత్సాహముగా ఇచ్చువాణ్ణి దేవుడు ప్రేమిస్తాడని కొరింథీయులకి రాసిన పౌలు మా అరుగు దగ్గర నిలబడి ఉంటే సంతోషించేవాడే.

ఇక నా దొంగతనం. మా అమ్మ దగ్గర మామూలు బటన్ ఫోనే ఉంది, ఇది ఆమె చూడదు. మా చెల్లెలు చదివి మోస్తే మోయనీ, నలభై ఏళ్లయింది.

ఆ వేసవిలో నాకు టైఫాయిడ్ వచ్చి తగ్గింది. నోరంతా చప్పగా, తిండి మీద ఒకటే యావ. కుండలో గుడ్లు రెండే ఉన్నాయి. ఒకటి బొగ్గు గీతలది. రెండోది పొదిగే కోడి కింద పిల్ల కాకుండా మిగిలిపోయింది, అమ్మ పారేద్దామని పక్కన పెట్టి మర్చిపోయింది. శనివారం మధ్యాహ్నం అమ్మ కలుపుకి పోయింది. నేను గీతలున్న గుడ్డుని తడిగుడ్డతో తుడిచాను, మురిగినదాని మీద బొగ్గుతో శుభ్రంగా నిలువుగా, అడ్డంగా గీశాను. నా గీతలు అమ్మ గీతలకన్నా తిన్నగా వచ్చాయి. మంచి గుడ్డుని పొయ్యి నివురులో కప్పెట్టి కాల్చుకుని, పెంకులు గడ్డివామి వెనక దాచి తిన్నాను. ఉప్పు వేసుకోవడం కూడా మర్చిపోలేదు.

ఆదివారం ఆ గుడ్డు వేలానికి వచ్చింది. ఎవరో పావలా అన్నారు. ఇంకెవరో ముప్పై పైసలు. నేను గుడి గోడకి ఆనుకుని, ఎవడో పల్లెలో మాకు పడనివాడు పాడుకుంటే బాగుండునని ప్రార్థన చేస్తున్నాను. నిజంగానే చేశాను. అర్ధ రూపాయికి పాడుకున్నది పాస్టరమ్మగారు. వాళ్ల చిన్నపిల్లకి కూడా ఒంట్లో బాగోక లేచిందని అప్పుడే తెలిసింది.

ఆ రాత్రంతా నాకు అననీయ, సప్పీరాలే. పొలం అమ్మిన డబ్బు కొంత దాచుకుని మొత్తం ఇచ్చామని అబద్ధమాడితే పేతురు కాళ్ల దగ్గర పడి చచ్చారు మొగుడూ పెళ్లామూ. అపొస్తలుల కార్యాలు అయిదో అధ్యాయం. మాకు ఆదివారపు బడిలో బొమ్మతో సహా చూపించారు. వాళ్లది పొలం, నాది గుడ్డు అని సర్దిచెప్పుకోవడానికి చూశాను గానీ చావులో చిన్నా పెద్దా ఉండవు కదా.

సోమవారం బడి నుంచి వస్తుంటే పాస్టరమ్మగారు గుమ్మంలోంచి పిలిచారు. "ఒరే అబ్బాయ్, ఇటు రా." దొడ్లోకి తీసుకెళ్లారు. నీళ్ల చెంబులో గుడ్డు తేలుతోంది, నా గీతలతో సహా. ఆవిడ దాన్ని చూపించి ఏమీ అడగలేదు. గునపం చేతికిచ్చి, "మునగచెట్టు మొదట్లో గుంట తియ్యి. లోతుగా తియ్యి, కుక్కలు తవ్వుతాయి" అన్నారు. తీశాను. పెట్టేటప్పుడు చేతిలో పగిలింది. ఆ కంపు గురించి రాయను, తెలిసినవాళ్లకి తెలుసు. మూడు సార్లు బూడిదతో చేతులు కడిగించారు. అయ్యాక, "అన్నం తిని పో" అన్నారు.

తలుచుకోవలసింది గుడ్డు సంగతి కాదు, ఆ అన్నం. పళ్లెంలో అన్నం రంగురంగులుగా ఉంది. కొన్ని మెతుకులు చిదిమితే పేస్టులా అయిపోతున్నాయి, కొన్ని పలుకులు. మధ్యలో ఎర్రవి ఒకటీ అరా. రెండు రూపాయల కోటా బియ్యం వాసన, దాని పక్కనే ఎవరింటివో పాత బియ్యం కమ్మదనం. ముద్ద కలుస్తుంటే ఒక చోట జారిపోతుంది, ఒక చోట విడిపోతుంది. అది పల్లె మొత్తం ఎసట్లో ఉడికిన అన్నం. అందులో మా డాల్డా డబ్బాలోని గుప్పెళ్లు కూడా ఉన్నాయి. అయ్యగారి ముగ్గురు పిల్లలు ఆ అన్నమే రోజూ తింటున్నారు, కూరలో వాళ్లకీ ఆవేళ మునగాకే. గుడి అంటే ఒక పెద్ద భవనం, దేవుడు అంటే ఎక్కడో పైన, ఇచ్చింది ఎటో పోతుంది అని నాకు అంతవరకు ఉండేది. ఇచ్చింది ఈ పళ్లెంలోకి వస్తుందని ఆవేళ తెలిసింది. జీతం రెండు మూడు నెలలకొకసారి వచ్చేదని, అది వచ్చినా కిరాణా బాకీకే పోయేదని మా అమ్మావాళ్లు మాట్లాడుకుంటే విన్నాను గానీ, చెవికెక్కలేదు.

అమ్మగారు మా అమ్మకి చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో ఇప్పటికీ తెలియదు. ఆ తర్వాత మూడు వారాలు బొగ్గు గీతల గుడ్డుని నేనే స్వయంగా గుడికి మోశాను, అందరికన్నా ముందు, నీళ్లలో వేసి చూసుకుని మరీ.

1986 ఊడ్పుల ముందు నాన్న లారీ మీంచి బస్తాతో సహా జారి పడ్డాడు. ఎడమ కాలు తొడ దగ్గర విరిగింది. మిల్లు యజమాని ఆసుపత్రి ఖర్చుకని రెండొందలిచ్చి, ఆ తర్వాత ఆ వైపు చూడలేదు. నాలుగు నెలలు మంచం. అన్న బడి మానేసి పనికి కుదిరాడు. అమ్మ ఒక్క రెక్క మీద అయిదుగురం. కోళ్లలో రెండు అమ్మేశాం, ఒకటి జబ్బు చేసి పోయింది. హార్లిక్సు సీసా ఖాళీగా కిటికీలో ఉండేది, ఎండ పడితే మెరిసేది.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక అమ్మ అయ్యగారి దగ్గరికి వెళ్లి తలొంచుకుని, "ఈ ఏడు దశమ భాగం ఇచ్చుకోలేనండి అయ్యగారూ" అంది. అప్పు తీసుకున్నవాడు గడువు అడిగినట్టుంది ఆ గొంతు. అయ్యగారు సరేనమ్మా అని ఊరుకున్నారు. ఊరుకున్నారేమిటా అనుకుంటూ ఇంటికొచ్చాం.

ఆ రాత్రి ఆయన మా ఇంటికొచ్చారు, వెనక ఉపదేశి తాత భుజం మీద గోతం. అయ్యగారు గడప దగ్గర పీట మీద కూర్చుని బైబిలు తీశారు. చదివింది ద్వితీయోపదేశకాండం పద్నాలుగో అధ్యాయం చివర. మూడేసి ఏళ్లకొకసారి ఆ ఏటి పంటలో పదో వంతు బయటికి తెచ్చి ఇంటి దగ్గర ఉంచాలి. గుడి పని చేసే లేవీయులు, పరదేశులు, తండ్రిలేనివాళ్లు, విధవరాండ్రు వచ్చి తిని తృప్తి పొందాలి. పదో వంతు గురించి కూటాల్లో మా అమ్మ అన్ని ప్రసంగాలు విన్నది, ఈ ముక్క ఎవరూ చదవలేదట. "ఇచ్చినవాళ్ల ఇంటికే ఒక్కోసారి తిరిగి రావాలని అందులోనే ఉందమ్మా" అన్నారు.

అమ్మ గోతం వైపు చూసి రెండడుగులు వెనక్కి వేసింది. "దేవుడి గింజలండీ. తింటే కళ్లు పోతాయి."

"నేను పదకొండేళ్ల నుంచి తింటున్నాను. నా కళ్లు బాగానే ఉన్నాయి కదా" అన్నారు అయ్యగారు. మంచం మీద నాన్న పడుకుని ఉన్నవాడు నవ్వాడు. కాలు విరిగాక ఆయన నవ్వడం అదే మొదలు.

అయినా అమ్మ ఊరికే తీసుకోలేదు. చేబదులు అంది. ఎన్ని మానికలో అయ్యగారి ఎదుటే కొలిచి, పొయ్యి గోడ మీద బొగ్గుతో గీతలు గీసింది. అవే నిలువు గీతలు. వడ్డీ లేదు, గడువు లేదు, సంతకం లేదు. నవంబరు దాకా ఇంకో మూడు సార్లు గోతం వచ్చింది, గీతలు పెరిగాయి. మేము ఆ రంగురంగుల అన్నం ఇంట్లో తిన్నాం. నాకు ఆ రుచి ముందే తెలుసని ఎవరికీ చెప్పలేదు.

మావైపు క్రిస్మస్‌కి ఇల్లు కడిగి సున్నం వేసుకోవాలి. ఎంత పేదవాడైనా నీలిమందు కలిపిన సున్నం ఒక పూత పూయకపోతే పండగ రానట్టే. ఆ ఏడు నాన్న కర్ర పట్టుకుని లేచి, కూర్చున్నచోటు నుంచే గోడలకి సున్నం వేశాడు. పొయ్యి గోడ దగ్గరికి వచ్చేసరికి అమ్మ చెయ్యి పట్టుకుంది. "అది తీరేదాకా ముట్టుకోవద్దు." ఇల్లంతా తెల్లగా, ఆ మూల మాత్రం మసి పట్టి, గీతలతో. పండక్కి వచ్చిన చుట్టాలు ఏమిటది అని అడిగితే అమ్మ దాచలేదు, "గుడికి బాకీ" అని చెప్పేది. మరుసటి క్రిస్మస్‌కి కూడా ఆ గోడ అలాగే ఉంది. అమ్మ పూటకి ఒకటి బదులు రెండు గుప్పెళ్లు తీస్తూ, శనివారం శనివారం కొలిచి పోస్తూ, ఒక్కో గీత మీద అడ్డగీత కొడుతూ వచ్చింది. 1988 క్రిస్మస్‌కి గానీ ఆ గోడ సున్నం చూడలేదు. 1990 మే తొమ్మిదిన వచ్చిన తుపానుకి ఆ ఇల్లే పడిపోయింది.

అందరు అయ్యగార్లూ ఒకటి కాదు. ఆయన బదిలీ అయ్యాక వచ్చిన కాలంలో సంఘ పెద్దలది రాజ్యమైంది. ఎవరెంత ఇచ్చారో ఆరాధనలో చదివేవాళ్లు. అయిదు రూపాయలవాళ్ల పేర్లు చివర్లో, కాస్త తగ్గించిన గొంతుతో. చందా బాకీ ఉన్నవాళ్లకి గుడిలో పెళ్లి ప్రకటన చదవం పొమ్మనేవాళ్లు. ఒక ముసలాయన పోతే, మూడేళ్ల బాకీ కట్టేదాకా సమాధుల దొడ్డి తలుపు తాళం తీయలేదు. శవాన్ని పాడె మీద ఉంచి, ఎండలో, వచ్చినవాళ్లే తలా రూపాయి తువ్వాలులో వేశారు. మా నాన్న అప్పటికి కుంటుతూ నడుస్తున్నాడు. తువ్వాలులో రెండు రూపాయలు వేసి, సంఘ పెద్ద మొహం మీదే, "ఇది దేవుడికి కాదు, తాళానికి" అన్నాడు. ఆ ఏడు మా ఇంటి నుంచి చందా వెళ్లలేదు. పిడికెడు బియ్యం మాత్రం ఆగలేదు. అది ఎవరి పళ్లెంలోకి వెళుతుందో అమ్మకి తెలుసు గనక.

ఇప్పుడు హైదరాబాదులో మా గుడి సీట్ల వెనక దశమ భాగం కవర్లుంటాయి, ప్రొజెక్టరు తెర మీద క్యూఆర్ కోడ్. ఫోన్ తీసి, స్కాన్ చేసి, ప్రార్థనలో తల వంచుకోవచ్చు. పీఎఫ్ కోయకముందు జీతంలోనా, చేతికొచ్చినదాంట్లోనా అని మా యువకులు గంటసేపు వాదించుకోవడం విన్నాను. టీవీలో అయితే ఇంకో సంత. వెయ్యి విత్తితే లక్ష కోస్తారంటాడు ఒకాయన. మలాకీ మూడో అధ్యాయం పదో వచనం, ఆకాశపు వాకిండ్లు విప్పి పట్టజాలనంత దీవెన కుమ్మరిస్తానన్నది, కింద స్క్రోలింగులో అకౌంట్ నంబరుతో పాటు పోతుంటుంది. అదే అధ్యాయంలో అయిదు వచనాల ముందు, కూలివాళ్లని కూలి దగ్గర బాధపెట్టేవాళ్ల మీద, విధవరాండ్రని, తండ్రిలేనివాళ్లని పీడించేవాళ్ల మీద నేనే సాక్ష్యం చెబుతానంటాడు దేవుడు. రెండొందలిచ్చి మొహం చాటేసిన మిల్లు యజమాని ఉన్నది ఆ వచనంలో. దాన్ని ఏ స్క్రోలింగులోనూ చూడలేదు.

కరోనా వచ్చాక 2020 ఏప్రిల్ నుంచి నాకు సగం జీతమే వచ్చేది. ఇంటి లోను, పిల్లల ఫీజులు, మా ఆవిడ స్కూలు ఉద్యోగం పోయింది. రిజర్వు బ్యాంకు కంతులకి ఆగస్టు దాకా వాయిదా ఇచ్చింది, వడ్డీ మాత్రం నడుస్తూనే ఉంది. నేను మొట్టమొదట ఆపింది దశమ భాగం. ఆపాక నిద్ర పట్టలేదు. వాట్సాప్‌లో ఎవరో, ఇవ్వని ఇంటి మీద శాపం అని పంపితే ఇంకా పట్టలేదు. అమ్మకి ఫోన్ చేశాను, తలొంచుకుని గడువు అడుగుతున్నట్టే వచ్చింది నా గొంతు కూడా.

"ఎంతొస్తుంది?" అంది.

చెప్పాను.

"వచ్చినదాంట్లోదే కదరా పదో వంతు. రానిదాంట్లో ఎవరడిగారు?"

"వచ్చింది కూడా సరిపోవట్లేదమ్మా."

కాసేపు ఆగి, "బియ్యం ఉన్నాయా?" అంది. ఉన్నాయన్నాను. "మీ అయ్యగారింట్లో?" అంది. ఆ ప్రశ్న నాకు తట్టలేదు. మా గుడిలో పెద్దాయనకి ఇబ్బంది లేదు, ఏసీ కారు. కానీ మా కాలనీ వెనక, రేకుల షెడ్డులో ఇరవై మందితో ప్రార్థన నడిపే ఒక కుర్ర పాస్టరు ఉన్నాడు. గుడులు మూతబడి ఆయనకి రెండు నెలలుగా కానుక సంచే లేదు. పగలు ఆటో తోలేవాడు, ఆటో కూడా లేదు. బియ్యం బస్తా, పప్పు, నూనె, రెండు ట్రేల గుడ్లు స్కూటర్ మీద పెట్టుకుని వెళ్లాను. ఆయన భార్య గుడ్లు చూసి, "ఇన్నెందుకన్నయ్యా" అంది. లెక్క చూస్తే అది ఆ నెల జీతంలో పదో వంతుకి ఇంకా మూడొందలు తక్కువ.

నాన్న పోయి తొమ్మిదేళ్లు. అమ్మకి వితంతు పింఛను వస్తుంది. ఒకటో తారీఖు తెల్లారగానే గ్రామ సచివాలయం వాళ్లు గుమ్మం దగ్గరికొచ్చి వేలిముద్ర వేయించుకుని చేతిలో పెడతారు. 2024 జులై ఒకటిన పింఛను నాలుగు వేలకి పెంచి, అంతకుముందు మూడు నెలల పెంపు కూడా కలిపి ఏడు వేలిచ్చారు. ఆ ఉదయమే ఫోన్ చేసింది, "ఏడొందలు తీసి పక్కన పెట్టాను" అని. ఏప్రిల్ నుంచి ఇచ్చింది మూడు వేల చొప్పునే గనక, మిగిలిన వెయ్యికి నెలకి వంద తనే బాకీ ఉన్నట్టు లెక్క. ఎవరూ చెప్పలేదు, ఆడిటర్ లేడు.

మోకాళ్ల నొప్పులకీ బీపీకీ మాత్రలు నెలకి నాలుగొందల పైచిలుకు అవుతాయి. అవి నేను పంపుతాను. ఈమధ్య మా ఆవిడ పద్దు రాస్తూ నవ్వింది. "అత్తయ్యగారు నాలుగొందలు గుడికిస్తున్నారు, నాలుగొందలు మందులకి మనల్ని అడుగుతున్నారు. అంటే ఆవిడ దశమ భాగం మనం కడుతున్నట్టేగా?"

ఈ మాట అమ్మకి ఫోన్లో చెప్పాను, నవ్వుతుందని. అటు నుంచి కాసేపు చప్పుడు లేదు.

"అది లెక్కలోకి రాదు" అంది తర్వాత. "మీది మీరు కట్టుకోండి."